కరివేపాకు పేరులో ఉన్న మనిషి



ఈ రోజు మీ ఇంట్లో చిత్రాన్నం చేశారో, చెనక్కాయల ఊరిమిండి నూరారో మాకు తెలియదు. ఏది చేసినా తిరగవాతలో ఒక రెబ్బ కరివేపాకు మాత్రం పడే ఉంటుంది. మనం రోజూ తుంచే ఆ ఆకుకు వృక్షశాస్త్రంలో ముర్రయా కోనిగీ అని పేరు. అందులో రెండో మాట ఒక మనిషి పేరు మీద వచ్చింది. ఆయన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్.  ఆయన చనిపోయి 240 ఏళ్లు దాటింది. చనిపోయింది మన కాకినాడ దగ్గరే.

ఇదే కోనిగ్ పేరు మరో మొక్కకూ ఉంది. అది మన ఎండకు ఒక్క రోజు కూడా బతకదు. మంచు కరిగిన తడి నేలలో, ఉత్తర ధ్రువ ప్రాంతపు చలిలో, బొటనవేలంత ఎత్తు కూడా పెరగని చిన్న మొక్క. దాని పేరు కోనిగియా ఐస్లాండికా. ఒకే మనిషి పేరు అటు ఐస్లాండ్ మంచులోని మొక్కకూ, ఇటు మన పెరట్లోని చెట్టుకూ ఎలా వచ్చింది? ఈ నెల జీవిత కథ అదే. మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి చదవండి. చివర్లో ఇంట్లో చేయించదగ్గ చిన్న పని కూడా ఉంది.

మంచు దేశంలో మొదలు

కోనిగ్ 1728 నవంబరు 29న పుట్టారు. పుట్టిన ఊరు అప్పట్లో లివోనియా అనే ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు లాట్వియా దేశంలో ఉంది. ఇంటి భాష జర్మన్. 1757లో ఆయన స్వీడన్ వెళ్లి కార్ల్ లిన్నేయస్ దగ్గర చదువుకున్నారు. ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసిన గురువు లిన్నేయస్. మీ పిల్లలు మామిడికి మాంజిఫెరా ఇండికా అని రాస్తారే, ఆ పద్ధతి 1753లో ఆయన అచ్చువేసిన పుస్తకంతో స్థిరపడింది.

చదువు తరువాత 1759 నుంచి కోనిగ్ డెన్మార్క్‌లో ఉన్నారు. డెన్మార్క్ రాజు ఏలుబడిలోని నేలల మీద పెరిగే ప్రతి మొక్కకూ బొమ్మ గీయించి అచ్చువేసే పెద్ద పని అక్కడ 1761లో మొదలైంది. దాని పేరు ఫ్లోరా డానికా. ఆ పని పూర్తయ్యేసరికి 1883 వచ్చింది. అప్పట్లో ఐస్లాండ్ కూడా డెన్మార్క్ రాజు కిందే ఉండేది. అక్కడి మొక్కలను చూసి, సేకరించి తెచ్చే పని కోనిగ్ చేతికి వచ్చింది. 1764, 65 సంవత్సరాల్లో ఆయన ఐస్లాండ్‌లో తిరిగారు.

మన తిరుపతి భూమధ్యరేఖకు 13 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఐస్లాండ్ 63 నుంచి 66 డిగ్రీల మధ్య, ఆర్కిటిక్ వలయానికి ఆనుకుని ఉంది. చెట్లు అరుదు. ఎండాకాలం రెండు మూడు నెలలు. ఆ కొద్ది రోజుల్లోనే మొక్క మొలకెత్తాలి, పూయాలి, విత్తనం రాల్చాలి. అందుకే అక్కడి మొక్కల్లో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి వేరుతో బతికే రకాలు. ఒక్క ఏడాదిలోనే పుట్టి, పూసి, చనిపోయే మొక్కలు ధ్రువ ప్రాంతంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒకదాన్ని కోనిగ్ తడి గులకరాళ్ల మధ్య చూశారు. ఎవరైనా తొక్కుకుంటూ వెళ్లిపోయేంత చిన్న మొక్క అది. 1767లో లిన్నేయస్ దానికి శిష్యుడి పేరు పెట్టారు. ఐస్లాండ్ మొక్కల జాబితా ఒకటి 1770లో అచ్చయింది. దానికి ఆధారం చాలావరకు కోనిగ్ తెచ్చిన సేకరణే.

కాగితం మీద మొక్క

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ సేకరణ అంటే ఏమిటో చూద్దాం. దాన్నే హెర్బేరియం అంటారు. మీ పిల్లలు ఎప్పుడో ఒకసారి ఈ మాట ఇంటికి తెచ్చే ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చి, మరుసటి రోజే ఇవ్వాల్సిన ప్రాజెక్టు అని చెబితే, మనమే కిందికి దిగి నాలుగు ఆకులు కోసి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, చార్టుకు అతికించి పంపిన ఇళ్లు ఉన్నాయి. ఆకులు అతికాయి, మార్కులూ వచ్చాయి. కానీ దానికి హెర్బేరియం అనే పేరు తగదు. ఎందుకో చూడండి.

మొక్కను ఆకు, పువ్వు, వీలైతే కాయతో సహా కోసి, కాగితాల మధ్య పరిచి, బరువు పెట్టి ఆరబెడతారు. తడి పీల్చిన కాగితాలను రోజూ మారుస్తూ ఉండాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆరిన మొక్కను మందపాటి కాగితానికి అతికించి, కింద కుడి మూలన ఒక చీటీ పెడతారు. మొక్క ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎలాంటి నేలలో, పువ్వు ఏ రంగు, అక్కడి వాళ్లు దాన్ని ఏమంటారు, కోసింది ఎవరు అన్న వివరాలు ఆ చీటీలో ఉంటాయి. ఆరాక రంగు పోతుంది కాబట్టి పువ్వు రంగు అక్కడికక్కడే రాసుకోవాలి. ఈ చీటీ లేకపోతే అది ఎండుటాకు. చీటీ ఉంటే అది సాక్ష్యం. ఫలానా రోజున ఫలానా చోట ఈ మొక్క ప్రాణంతో ఉందని చెప్పే సాక్ష్యం.

లిన్నేయస్ దగ్గర ఇంకో అలవాటు ఉండేది. అంతకుముందు చాలామంది ఎండిన మొక్కలను పుస్తకంగా కుట్టేసేవారు. ఆయన విడి కాగితాలుగానే ఉంచారు. కొత్త మొక్క వస్తే పాత వరుసను మార్చి, దాని చోట దాన్ని పెట్టవచ్చు. తెలిసినదాన్ని మళ్లీ సరిదిద్దుకోవడానికి చోటు ఉంచడం అన్నమాట. కోనిగ్ నేర్చుకున్న చదువు ఇది.

ఐస్లాండ్ లాంటి చోట్ల మరో రకం సేకరణ కూడా ఉంటుంది. అక్కడి లావా రాళ్లను కప్పి ఉండేవి లైకెన్లు. మనకు కొత్త మాటలా ఉంటుంది గానీ, బిర్యానీలో వేసే రాతిపువ్వు ఉంది చూడండి, అదీ లైకెనే. తిరుమల నడకదారిలో బండల మీద బూడిద రంగు, లేత ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తాయే, అవీ లైకెన్లే. లైకెన్ అంటే ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి చేసే కాపురం. శిలీంధ్రం ఇల్లు కట్టి నీళ్లు పట్టి ఉంచుతుంది, శైవలం ఎండతో ఆహారం తయారు చేస్తుంది. ఐస్లాండ్ ప్రజలు కొండ మీద దొరికే ఒక లైకెన్‌ను ఏరుకొచ్చి, పిండిలో కలిపి, పాలలో ఉడికించి తినేవారు. ధాన్యం సరిగా పండని దేశంలో అది ఆకలి తీర్చింది. ధ్రువ ప్రాంతపు రాళ్ల మీద కొన్ని లైకెన్లు ఏడాదికి ఒక్క మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేయంత మచ్చ వయసు వందల ఏళ్లు ఉండవచ్చు.

లైకెన్‌ను ఆకులా నొక్కి అతికించరు. ఎండబెట్టి, మడిచిన కాగితపు పొట్లంలో ఉంచి, పొట్లం మీద చీటీ అంటిస్తారు. పొట్లం విప్పితే కనిపించేది పొడి ముక్కలు, కొంచెం రాతి పొట్టు. చూసినవాళ్లు చెత్త అనుకుంటారు. కానీ గాలిలో పొగ, విషవాయువులు పెరిగితే ముందుగా మాయమయ్యేవి లైకెన్లే. అందుకే పాత పొట్లం మీద ఉన్న ఊరి పేరు, సంవత్సరం చూసి, ఆ ఊరి గాలి ఒకప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు అంచనా వేయగలుగుతున్నారు.

తరంగంబాడికి ప్రయాణం

1767లో కోనిగ్ డెన్మార్క్ నుంచి ఓడ ఎక్కారు. వెళ్లాల్సింది తరంగంబాడి. నాగపట్నానికి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరు 1620 నుంచి డెన్మార్క్ వారి చేతిలో ఉండేది. అక్కడి క్రైస్తవ మిషన్‌కు వైద్యుడిగా ఆయన్ను పంపారు. దారిలో ఆఫ్రికా దక్షిణపు కొసన కేప్‌టౌన్‌లో ఆగి, అక్కడ కూడా మొక్కలు సేకరించారు.

చలి దేశపు కళ్లకు మన తీరం ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి. ఐస్లాండ్‌లో మొక్క కోసం వెతకాలి. ఇక్కడ ఏ గట్టు మీద చూసినా తెలియని ఆకే. పైగా సేకరించినదాన్ని కాపాడుకోవడం వేరే యుద్ధం. వానాకాలపు తేమకు కాగితాలు బూజు పడతాయి. మిగిలినది చెదలు తింటాయి. కోనిగ్ ఆ చెదలను కూడా వదల్లేదు. పుట్టలు తవ్వి చూసి, 1779లో వాటి మీద ఒక వ్యాసం అచ్చువేయించారు. చెదలు తమ పుట్టల్లో ఒక రకం శిలీంధ్రాన్ని పెంచుతాయన్న సంగతిని మొదట రాసినవారిగా ఆయన్నే చెబుతారు. రెక్కలొచ్చిన చెదలను, అంటే మన ఉసుళ్లను, ఇక్కడి జనం పట్టి తినే పద్ధతి కూడా అందులో ఉంది. మన పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే ఆ సంగతులు ఇంకా వివరంగా చెబుతారు.

తరంగంబాడిలో ఆయన చుట్టూ మొక్కల మీద ఆసక్తి ఉన్న మిషనరీలు, వైద్యులు ఒక జట్టుగా ఏర్పడ్డారు. ఒకరు సేకరించినది ఇంకొకరికి చూపించడం, పేర్లు సరిచూసుకోవడం, యూరప్‌లోని పండితులకు పంపడం వారి పని. లిన్నేయస్ పద్ధతిలో రెండు మాటల పేర్లతో మొక్కలను గుర్తించడం మన దేశంలో నాటుకున్నది ఆ జట్టు వల్లనే. 1773లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టర్ పట్టా ఇచ్చింది. పట్టా అందుకోవడానికి ఆయన అక్కడ లేరు, ఇక్కడే మొక్కలు ఏరుకుంటున్నారు.

ఆర్కాటు నవాబు కొలువులో

మిషన్ ఇచ్చే జీతం ఆయన పరిశోధనకు చాలలేదు. మనుషులను పెట్టుకోవాలి, కాగితం కొనాలి, ప్రయాణాలు చేయాలి. అందుకని 1774లో ఆర్కాటు నవాబు దగ్గర ప్రకృతి పరిశోధకుడిగా చేరారు. అప్పటి నవాబు మహమ్మద్ అలీ వాలాజా. మన చిత్తూరు ప్రాంతం ఆ రోజుల్లో ఆ నవాబు ఏలుబడిలోనిదే. తరువాత కూడా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని ఉత్తర ఆర్కాటు అనే పిలిచారు. నవాబు కొలువులో ఉండగా కోనిగ్ మద్రాసుకు ఉత్తరాన ఉన్న కొండల్లోనూ, సింహళంలోనూ తిరిగారు.

1778లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ను వృక్షశాస్త్రజ్ఞుడిగా తీసుకుంది. వెంటనే సయాం, మలక్కా ప్రయాణం. ఇప్పుడు మనం సెలవులకు వెళ్లే ఫుకెట్ దీవిలో ఆయన నెలల తరబడి అల్లం, పసుపు జాతి మొక్కలను పరిశీలించారు. ఆ జాతి పూలు సున్నితం. నొక్కి ఆరబెడితే నలిగిపోతాయి. కాబట్టి మొక్క పచ్చిగా ఉండగానే కూర్చుని, ఒక్కో రేకు ఎలా ఉందో వివరంగా రాయాలి. ఆయన అలాగే రాశారు. ఆ వర్ణనలను స్వీడన్‌కు చెందిన రెట్జియస్ అనే పండితుడు 1783లో తన పుస్తకంలో అచ్చువేశారు.

ఆయన జీవితం పొడుగునా ఇదే తీరు. సేకరించినది కోనిగ్, వర్ణించినది కోనిగ్, అచ్చువేసినది వేరొకరు. పురుగుల్ని ఫాబ్రిషియస్‌కు పంపితే ఆయన పేర్లు పెట్టారు. మొక్కల్ని లిన్నేయస్‌కు, ఆయన తరువాత ఆయన కొడుకుకు పంపారు. ఆ కొడుకు అచ్చువేసిన పుస్తకంలో కోనిగ్ పంపిన మొక్కలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి మన శేషాచలం కొండల ఎర్రచందనం. టెరోకార్పస్ సాంటలైనస్ అన్న పేరు దానికి వచ్చింది ఆ పుస్తకంలోనే, 1782లో. ఎర్ర దుంగలు అంతకు ముందు ఎన్నో వందల ఏళ్లుగా రేవుల నుంచి ఓడలెక్కి పోతూనే ఉన్నాయి. కొన్న దేశాలవారికి కట్టె తెలుసు, చెట్టు తెలియదు. ఆ కట్టె ఏ చెట్టుదో శాస్త్రం పుస్తకంలోకి అలా ఎక్కింది.

కరివేపాకును ఆయన కనిపెట్టారా?

మీ పిల్లలు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. జవాబు సూటిగా చెప్పండి. లేదు, ఆయన కనిపెట్టలేదు. ఆయన పుట్టకముందు ఎన్నో తరాలుగా మన అవ్వలు ఆ ఆకును వాడుతున్నారు. దానికి తెలుగులో, తమిళంలో, కన్నడంలో పేర్లు ఉన్నాయి. మజ్జిగలో వేస్తే అరుగుదలకు మంచిదన్న ఎరుకా ఉంది. కోనిగ్ చేసింది వేరు. ఆ చెట్టు ఏ జాతిది, దాని పువ్వులో ఎన్ని రేకులు, కాయ ఎలా ఉంటుంది అని చూసి, రాసి, నమూనాతో సహా పంపారు. దాంతో ప్రపంచంలో ఏ మూల ఉన్నవారైనా ఇది ఫలానా చెట్టు అని పోల్చుకోగలిగారు. 1771లో లిన్నేయస్ దానికి బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టారు. 1825లో స్ప్రెంగెల్ అనే జర్మన్ పండితుడు దాన్ని ముర్రయా జాతిలోకి మార్చారు. ఇటీవలి పరిశోధనలతో మళ్లీ బెర్గెరా అనే పాత పేరునే చాలామంది వాడుతున్నారు. జాతి పేరు ఎన్నిసార్లు మారినా కోనిగీ మాత్రం అలాగే ఉంది.

ఒక సంగతి మాత్రం పిల్లలకు చెప్పకుండా వదలకండి. కోనిగ్ ఒంటరిగా ఈ పని చేయలేదు. కొండదారి చూపిన మనుషులు, ఆకు పేరు చెప్పిన వైద్యులు, కాగితాల కట్టలు మోసిన కూలీలు లేకుండా ఏ సేకరణా సాగదు. ఆ కాలపు చీటీల మీద వారి పేర్లు సాధారణంగా ఉండవు. శాస్త్రం పుస్తకంలో ఒక పేరు కనిపిస్తే, దాని వెనుక పేరు రాయని మనుషులు చాలామంది ఉంటారన్న ఎరుక మన పిల్లలకు ఉండాలి.

కాకినాడలో చివరి రోజులు

కోనిగ్‌కు విశాఖపట్నంలో ఒక స్నేహితుడు ఉండేవారు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు. మన పాముల మీద పెద్ద పుస్తకం రాసింది ఆయనే. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనేది ఆయన పేరు మీదే. సామర్లకోటలో మరో వైద్యుడు ఉండేవారు, విలియం రాక్స్‌బర్గ్. వయసులో కోనిగ్ కంటే 20 ఏళ్లకు పైగా చిన్న. మొక్కల విషయంలో కోనిగ్ ఆయనకు పెద్దదిక్కు.

1784లో కోనిగ్ కలకత్తాకు బయలుదేరి దారిలో విశాఖలో రస్సెల్‌ను కలిశారు. ఆ ప్రయాణంలోనే జిగట విరేచనాలు పట్టుకున్నాయి. కాకినాడ దగ్గర జగన్నాథపురంలో మంచం పట్టారు. సామర్లకోట నుంచి రాక్స్‌బర్గ్ వచ్చి వైద్యం చేశారు. ఫలితం లేకపోయింది. 1785 జూన్ 26న కోనిగ్ కన్నుమూశారు. వయసు 56. చావుకు ముందు తన కాగితాలన్నీ లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందాలని వీలునామా రాశారు.

ఆయన పేరు మీద పెద్ద గ్రంథం ఒక్కటీ లేదు. ఈ రోజుల్లో మనం పిల్లల్ని కొలిచే కొలతలతో కొలిస్తే ఆయన ర్యాంకు రాని మనిషి. కానీ తరువాత ఏమైందో చూడండి. ఆయన చనిపోయిన ఏడాదే కంపెనీ ఆ పదవిని రస్సెల్‌కు ఇచ్చింది. రస్సెల్ తరువాత అది రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. 1787లో గోదావరి తీరాన్ని ముంచిన తుపానులో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి సేకరించారు. 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకాలు 300 రంగుల బొమ్మలతో మూడు భాగాలుగా వచ్చాయి. ఆయన తరువాతి గ్రంథం ఫ్లోరా ఇండికాలో ఎన్నో మొక్కల పక్కన తెలుగు పేర్లు ఉన్నాయి. భారతీయ వృక్షశాస్త్రానికి పితామహుడని రాక్స్‌బర్గ్‌ను అంటారు. ఆయనకు దారి చూపిన పెద్దవాడు కోనిగ్. కోనిగ్ సయాం ప్రయాణపు దినచర్య ఇంగ్లీషులో అచ్చయింది 1894లో, అంటే ఆయన పోయిన 109 ఏళ్లకు.

బీరువాలో 16 ఏళ్లు

కోనిగ్ పేరు పెట్టుకున్న ఆ ధ్రువ ప్రాంతపు చిన్న మొక్క దగ్గరికి ఒకసారి వెళ్దాం. అది బ్రిటన్‌లో లేదనే చాలాకాలం అనుకున్నారు. 1934లో స్కాట్లాండ్‌కు చెందిన స్కై దీవి కొండ మీద ఎవరో ఒక చిన్న మొక్కను సేకరించారు. లండన్ దగ్గరి క్యూ హెర్బేరియంలో దాన్ని వేరే మొక్క అనుకుని, ఆ పేరు కిందే బీరువాలో పెట్టారు. 1950లో ఒక శాస్త్రజ్ఞుడు ఆ కాగితాన్ని తీసి తేరిపార చూసి, ఇది కోనిగియా ఐస్లాండికా అని గుర్తుపట్టారు. చీటీ మీద స్థలం, తేదీ ఉన్నాయి కాబట్టి మళ్లీ ఆ కొండకు వెళ్లి వెతికే వీలు కలిగింది. మొక్క అక్కడే ఉంది.

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. పేరు తప్పు రాసినా ఫరవాలేదు, తరువాత ఎవరో ఒకరు దిద్దుతారు. స్థలం, తేదీ రాయకపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. మీ పిల్లల నోటుపుస్తకానికి కూడా ఈ మాట వర్తిస్తుంది. జవాబు తప్పుపోవడం పెద్ద నష్టం కాదు. తాను ఏం చూసిందీ, ఎలా చేసిందీ రాసుకోకపోవడమే నష్టం.

మన కొండల సంగతి

మనం ఉన్నది మామూలు చోటు కాదు. శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. బెడ్డోమ్ అనే అధికారి పేరు మీద సైకాస్ బెడ్డోమై అని పిలిచే మొక్క ఒకటి ఈ కొండల్లో ఉంది. చూడటానికి చిన్న ఈత చెట్టులా ఉంటుంది. దాని అసలు ఇల్లు ఇక్కడే. ఎర్రచందనం దొంగరవాణా వార్తలు మీరు రోజూ చదువుతున్నారు. ఒక కొండ మీద చెట్లు పోయాక, అక్కడ ఒకప్పుడు ఏవి ఉండేవో చెప్పడానికి మిగిలేది పాత కాగితాల మీద ఉన్న చీటీలే. ఎండ, వాన తీరు మారుతున్న కొద్దీ ఏ మొక్క ఏ ఎత్తుకు జరుగుతోందో తెలియాలన్నా అవే ఆధారం. మన ఊళ్లోనే శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో అలాంటి హెర్బేరియం ఉంది. కోనిగ్ సేకరించినవి లండన్, కోపెన్‌హాగన్, లుండ్ నగరాల్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఇంట్లో ఇలా చేయించండి

ఈ నెల ఒక్క ఆదివారం మీ పిల్లలతో ఒక్క కాగితం తయారు చేయించండి. పది అక్కర్లేదు, ఒక్కటి చాలు. కొండ మీది మొక్కలను ముట్టుకోవద్దు, అది రక్షిత అడవి. మీ పెరట్లోదో, కుండీలోదో, ఊరికి వెళ్లినప్పుడు మీ చేని గట్టు మీదిదో తీసుకోండి.

1. పువ్వు గానీ కాయ గానీ ఉన్న చిన్న కొమ్మ కోయించండి. కోయకముందే పువ్వు రంగు, వాసన, చెట్టు ఎత్తు రాయించండి.

2. పాత దినపత్రికల మధ్య పరిచి, పైన లావు పుస్తకాలు పెట్టించండి. వారం రోజులు కాగితం మార్చే బాధ్యత పిల్లలదే. మీరు గుర్తు చేయవచ్చు గానీ మార్చకూడదు. మరిచిపోతే బూజు పడుతుంది, ఆ బూజు కూడా పాఠమే.

3. ఆరాక మందపాటి తెల్ల కాగితానికి సన్నని కాగితపు పట్టీలతో అంటించమనండి.

4. చీటీ పిల్లల చేతిరాతతోనే ఉండాలి. ఊరు, వీధి, తేదీ, నేల తీరు, ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారు, సేకరించిన వారి పేరు. శాస్త్రీయ నామం తెలియకపోతే ఖాళీ వదలండి. తెలిసిన రోజు రాస్తారు.

5. చివర ఒక వరుస అదనంగా పెట్టించండి. ఈ మొక్క గురించి చెప్పింది ఎవరు? అవ్వ అయితే అవ్వ పేరు, పాలు పోసే అన్న అయితే ఆయన పేరు, పూలమ్మే అక్క అయితే ఆమె పేరు. కోనిగ్ కాలంలో రాయకుండా పోయిన వరుస అది.

తయారైన కాగితాన్ని పిల్లలతో తరగతికి పంపండి. దీనికి మార్కులు లేవు. అలంకరణ, రంగు స్కెచ్‌లు, కొన్న బొమ్మలు వద్దు. చీటీ పూర్తిగా ఉందా లేదా అన్నదొక్కటే చూస్తాం. సైన్స్ ల్యాబ్‌లో ఒక అర ఖాళీ చేసి పెట్టాం. తరగతి మారినా, ఊరు మారినా, మీ పిల్లల పేరు, తేదీ ఉన్న ఆ కాగితం అక్కడే ఉంటుంది.